తేలిపోయిన పాట

మా ఇంట్లో ఇప్పుడు బాగాలేని పాటలే ఉంటున్నాయి. మంచివన్నీ తలా ఒక ఫ్లాటుకి వెళ్ళిపోయాయి.

ఫ్రిజ్ మీద ఒక హార్మోనియం పాట పడుకుంటుంది. దానికి పల్లవి ఉంది గాని, చరణం దగ్గరకి వచ్చేసరికి ఏం చెప్పాలనుకుందో మరిచిపోతుంది. బాల్కనీలో బట్టల తీగ మీద కోరస్ పాట ఒకటి, తడి తువ్వాళ్ళ పక్కన కాళ్ళు వేలాడేసుకుని కూర్చుంటుంది. వాటర్ ఫిల్టర్ వెనక ఉన్నదాన్ని నేను ఎక్కువగా కదపను. అది శ్రుతి తప్పిన పాట. కదిపితే గ్లాసుల్లో నీళ్ళు ఒక పక్కకి ఒరుగుతాయి.

తీరిక దొరికినప్పుడల్లా పొడిగుడ్డతో అన్నిటినీ తుడుస్తాను. తేలిపోయిన పాటే కదా అని దుమ్ము పట్టనివ్వలేను.

మా ఆయనకి వాటితో పేచీ ఏమీ లేదు, ఒక్కదానితో తప్ప.

"ఏమోయ్, నీ తబలా పాటని నా కుర్చీలోంచి లేవమను," అంటారు పేపరు పట్టుకుని నిలబడి.

"మీరే చెప్పండి."

"చెప్పాను. ఇంకొక్క తాళం ఆవర్తనం ఉందంటోంది."

"అయ్యాక లేస్తుంది లెండి."

"నిన్నట్నించీ అదే ఆవర్తనం."

ఆయన డైనింగ్ కుర్చీ లాక్కుని పేపరు విప్పుకుంటారు. తబలా పాట ఆయన వైపు చూసి, కొంచెం నెమ్మదిగా వాయించుకుంటుంది. మర్యాద తెలియని పాట కాదు, ఎక్కడ ఆపాలో తెలియని పాట.

ఇవన్నీ గురువారాల వల్ల వచ్చినవి. మాది కాకినాడలో జగన్నాథపురం వంతెన దాటాక వచ్చే అపార్టుమెంటు. గురువారం టీ వేళకి పాటలు వినేవాళ్ళం కొందరం రెండో అంతస్తులో పట్టాభి గారి హాల్లో కూర్చుంటాం. పట్టాభి గారు పోర్టు ఆఫీసులో పనిచేసి రిటైరయ్యారు, నాదస్వరం తప్ప ఇంకొకటి వినరు. పై అంతస్తులో కుట్టుపని నేర్పే రుక్సానా ఖవ్వాలీలు వింటుంది. నేను లలితగీతాలు వింటాను.

కూర్చున్న వరుసలో ఎడమ పక్కవాళ్ళు అడుగుతారు: "ఇప్పుడేం వింటున్నారు?" ఏ ఆల్బమ్ వింటున్నామో, ఎవరు పాడారో, అందులో ఏమేం ఉన్నాయో చెప్తాం. చివరికి అందులో తేలిపోయిన పాట ఏదో చెప్పాలి. అది చెప్పకపోతే చెప్పినట్టు కాదు. "అన్నీ బాగున్నాయి అన్నారంటే ఆల్బమ్ వినలేదన్నమాటేనండి, అట్ట చూశారన్నమాట," అంటారు పట్టాభి గారు.

చెప్పడం అయిపోగానే ఆల్బమ్ అడిగినవాళ్ళకి వెళ్ళిపోతుంది. తేలిపోయిన పాట మాత్రం చెప్పినవాళ్ళ దగ్గర ఉండిపోతుంది.

వెళ్ళడం అంటే నిజంగా వెళ్ళడమే. ఆ సాయంత్రం నుంచి క్యాసెట్ వేసినా, ఫోన్లో పెట్టినా మనకి వినిపించదు. రీళ్ళు తిరుగుతాయి, ఫోన్లో గీత కదులుతుంది, అంతే. అడిగినవాళ్ళ ఇంట్లో ఏమీ పెట్టకుండానే మొదలవుతుంది. ఇందులో ఎవరికీ అభ్యంతరం లేదు. చెవిలో ఉన్నదాన్ని పక్కవాళ్ళకి చెప్పకుండా ఉండలేని జబ్బు మా అందరిదీ.

వినని ఆల్బమ్ పేరు చెప్పడం కుదరదు. ఒకసారి గొప్పకి అలా చెప్పిన గుప్తా గారి చెవులు ఇంటికి వెళ్ళేసరికి అత్తిపత్తి ఆకుల్లా ముడుచుకున్నాయి. ఆయన ఇప్పుడు భార్య మాట్లాడే మాటలని గాల్లోంచి చేత్తో పట్టుకుని, తిరగేసి చదువుకుంటారు. కానీ ఏ పాట తేలిపోయింది అనేదానికి మాత్రం ఆ భయం లేదు. ఎవరి చెవి వాళ్ళది.

ఒక్కొక్క ఆల్బమ్ చెప్పినప్పుడల్లా పట్టాభి గారి హాలు ఒక బల్ల మేర పొడుగవుతుంది. ఎదుటి గోడ కనిపించడం మానేసింది. పకోడీల పళ్ళెం ఆ చివరికి వెళ్ళేసరికి చల్లారిపోతుంది గనుక, అటు కూర్చునేవాళ్ళు ఇంటి దగ్గర తినే వస్తారు.

నా దగ్గర ఒక్క ఆల్బమ్ మిగిలింది.

దాని పేరు 'పొద్దు తిరిగిన వేళ'. పాడింది కుముద. కాలేజీలో మా ఇద్దరిదీ ఒకే బెంచీ. నేను చరిత్ర పాఠం రాసుకుంటుంటే తను నా మోచేతి మీద తాళం వేస్తూ కూర్చునేది. పెళ్ళయ్యాక, నిండు నెలలతో, రాజమండ్రిలో ఒక గది అద్దెకి తీసుకుని ఎనిమిది పాటలు పాడింది. ఒక వేణువు, ఒక తబలా, తను. తెలిసినవాళ్ళకి పంచినన్ని క్యాసెట్లు మాత్రమే తీశారు. తుఫానుకి మిగతావి తడిసిపోయాయి. ఆడపిల్ల పుట్టిన కొన్నాళ్ళకే కుముద పోయింది. గొంతు పోలేదు, నా దగ్గర ఉంటోంది.

పొద్దున్నే కూర తరుగుతుంటే మొదటి పాట వస్తుంది. చారు పొంగేవేళకి నాలుగోది. ఆ నాలుగో పాట కోసమే నేను చారు రోజూ పెడతాను.

"గడప దాటి రావే కూనా, గాజులు తొడిగేను" అని దాని పల్లవి. కడుపులో ఉన్న బిడ్డని పిలుస్తుంది కుముద. మూడో చరణం చివర మళ్ళీ పల్లవి ఎత్తుకునేటప్పుడు ఆమెకి ఊపిరి అందదు. 'కూనా' అనే మాట సగంలో ఆగుతుంది. లోపలి నుంచి ఎవరో తన్నినట్టు చిన్న నవ్వు వినిపిస్తుంది. ఆ తర్వాత మిగిలిన సగం వస్తుంది. ఆ రెండు సగాల మధ్య నేను గరిటె దించి నిలబడతాను.

ఇన్నాళ్ళూ గురువారం వచ్చిందంటే ఈ ఆల్బమ్ ముందు వేరొకదాన్ని నిలబెట్టి, ఆ ముందుదాన్నే చెప్తూ వచ్చాను. క్రితం వారంతో ఆ చాటు అయిపోయింది. ఇప్పుడు నేను వింటున్నది ఇదొక్కటే.

ఈ గురువారం నా ఎడమ పక్క కుర్చీలో కొత్తమ్మాయి కూర్చుని ఉంది. కింది ఫ్లాటులో అద్దెకి దిగింది. బ్యాంకులో పని, నాగపూర్ నుంచి బదిలీ. ఎవరి కూతురో ఆ అమ్మాయి చెప్పకముందే ఆమె గడ్డం చూసి నాకు తెలిసిపోతుంది. కుముద గడ్డం అది, నడిమధ్య చిటికెన వేలితో నొక్కినట్టు ఉంటుంది.

"సింధూర అండి నా పేరు," అంటుంది అందరితో. "నాగపూర్‌లో మా మేనత్త పెంచింది నన్ను. మా అమ్మ ఎప్పుడో ఒక ఆల్బమ్ పాడిందట. అమ్మ గొంతు నేనెప్పుడూ వినలేదు. ఇక్కడ పాటలు వినేవాళ్ళు కూర్చుంటారంటే, ఎవరి దగ్గరైనా ఉందేమో అడుగుదామని..."

"అలా అడగడం ఇక్కడ ఉండదమ్మా," అంటారు పట్టాభి గారు దూరం నుంచి. ఆయన మాట మా దాకా రావడానికి కొంతసేపు పడుతుంది. "పక్కవాళ్ళు ఏం వింటుంటే అదే మనకి. మన అదృష్టం."

"అదృష్టం లేకపోతేనండీ?"

"నాదస్వరం వస్తుంది," అంటుంది రుక్సానా. "నాకు వరసగా అదే వచ్చింది. మా ఇంట్లో రోజూ పెళ్ళే. వంటవాళ్ళు మాత్రం రారు."

అందరూ నవ్వుతారు. పట్టాభి గారి నవ్వు అందరికంటే ఆలస్యంగా, మేం ఆపేశాక వస్తుంది.

వరుస తిరిగి నా దగ్గరకి వస్తుంది. సింధూర కుర్చీలో కొంచెం ముందుకి జరుగుతుంది.

"ఆంటీ, మీరిప్పుడేం వింటున్నారు?"

నేను చెప్తాను. ఆల్బమ్ పేరు చెప్తాను, పాడినామె పేరు చెప్తాను. ఆ అమ్మాయి చేతిలో కప్పు కదలదు గాని, అందులో టీ దానంతట అది తిరుగుతుంది. వేణువు ఎక్కడ బాగుందో, రెండో పాటలో పల్లవి ఎంత తీరిగ్గా మొదలవుతుందో చెప్తాను. ఏడో పాటలో తబలా తొందరపడింది, అది మాత్రం చెప్పను. మధ్యలో ఒకచోట మాట కూడా మింగేసింది. తేలిపోయింది ఏడో పాట. అది నాకు తెలుసు, కుముదకి కూడా తెలుసు. పాడి వచ్చిన రోజునే "ఏడోది తేలిపోయిందే ఇందూ" అని తనే చెప్పింది.

"మరి తేలిపోయింది ఏదక్కా?" అంటుంది రుక్సానా.

"నాలుగోది," అంటాను.

హాలు ఒక బల్ల మేర పొడుగవుతుంది.

"ఎందుకాంటీ?" అని అడుగుతుంది సింధూర, నొచ్చుకోకుండా, తెలుసుకోవాలని.

"మూడో చరణంలో ఊపిరి అందలేదు."

ఆ అమ్మాయి తల ఊపుతుంది. వాళ్ళమ్మ గురించి మొదటిసారి ఎవరో ఒక తప్పు చెప్పారు. దాన్ని జాగ్రత్తగా లోపల పెట్టుకుంటున్నట్టు కాసేపు కళ్ళు మూసుకుంటుంది.

పాటలు వెళ్ళడం నాకు తెలుస్తూనే ఉంటుంది. ఒక్కొక్కటీ నా చెవి కమ్మని కొంచెం పక్కకి జరిపి బయటికి వస్తుంది. చీర కుచ్చిళ్ళు సర్దుకుని, గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటుంది. ఏడోది కూడా వాటితోపాటే వెళ్తుంది, తనని ఎవరూ ఆపకపోవడం నమ్మలేనట్టు వెనక్కి చూస్తూ. నాలుగో పాట కూడా చెప్పులు వేసుకుంటుంది. నేను దాని కొంగు పట్టుకుంటాను.

"నువ్వు కాదు," అంటాను.

అది తన కొంగు వైపు, నా చేతి వైపు చూస్తుంది. తర్వాత చెప్పులు విప్పేస్తుంది.

ఇంటికి వస్తూ మెట్ల మీద అడుగుతుంది: "నాలో ఏం తేలిపోయింది?"

నేను తాళంచెవి వెతుక్కుంటున్నట్టు సంచీలో చెయ్యి పెడతాను. తాళంచెవి చేతిలోనే ఉంది.

ఇంట్లో మిగతా పాటలు దానికి చోటిస్తాయి. హార్మోనియం పాట ఫ్రిజ్ మీద నుంచి సగం జరుగుతుంది. కోరస్ పాటలో ఉన్నవాళ్ళందరూ ఒకేసారి "దా" అంటారు. అది ఎక్కడా కూర్చోదు. చెప్పుల స్టాండు పక్కన, తలుపు వైపు తిరిగి నిలబడుతుంది.

మా ఆయన కళ్ళజోడు సవరించుకుని దాని చుట్టూ తిరిగి చూస్తారు.

"ఇది కొత్తదా? దీనికేం లోటు?"

"ఏం లోటూ లేదండీ."

"మరి మనింట్లో ఎందుకుంది?"

నేను పోపు వేస్తాను. ఆవాలు చిటపటలాడవు, వినడానికి ఆగినట్టు నూనెలో కళ్ళు తెరుచుకుని ఉంటాయి. చారు పొంగుతుంది. పాట రాదు.

మర్నాడు కూడా రాదు. దానికి ఇష్టమని వేణువు వాయించే ఒక తేలిపోయిన పాటని పక్కన కూర్చోబెడతాను. నా మోచేతి మీద కుముద వేసిన తాళాన్ని గుర్తు చేసుకుని గోడ మీద వేసి చూపిస్తాను. అది వినయంగా చూస్తుంది. నోరు విప్పదు. రోజురోజుకీ పలచబడుతుంది. ముందు అంచులు, తర్వాత నడుము. దానిలోంచి వెనక ఉన్న చెప్పులు కనిపిస్తాయి. తుడుద్దామని పొడిగుడ్డ తీసుకుంటే, గుడ్డ అటు వైపుకి వెళ్ళిపోతుంది.

పోగొట్టుకోకూడదని అట్టేపెట్టుకున్నది నా కళ్ళముందే పోతోంది. అక్కడ ఆ పిల్లకీ లేదు, ఇక్కడ నాకూ లేదు.

పట్టాభి గారి దగ్గరకి వెళ్తాను. ఆయన హాలు ఆ చివర కూర్చుని ఉన్నారు. నడిచి వెళ్తుంటే కొంత దూరం పోయాక నాపరాళ్ళు అయిపోయి ఉప్పు మడులు మొదలవుతాయి. చెప్పులు చేత్తో పట్టుకుని గట్టు మీద నడుస్తాను. ఆయన తన కుర్చీలో, పాదాల దగ్గర తెల్లటి ఉప్పుతో, ఏమీ వినపడని నాదస్వరం క్యాసెట్ తిరగడం చూస్తూ ఉంటారు.

"తేలిపోయిందని ఒకసారి అన్న పాటని మళ్ళీ ఇచ్చెయ్యొచ్చాండీ?"

"ఇవ్వచ్చు కదమ్మా. గురువారం రండి, ఇప్పుడేం వింటున్నారని అడుగుతారు, దాని పేరు చెప్పండి. వెళ్ళిపోతుంది."

"అది పాడట్లేదండీ."

"అయితే మీరు దాన్ని వినట్లేదు."

"లేదు."

"వినందే చెప్పకూడదు కదా మరి. గుప్తా గారి చెవులు చూశారుగా." ఆయన క్యాసెట్ తీసి అటు తిప్పి వేస్తారు. "ఏం లోపమమ్మా దాంట్లో?"

"లోపం లేదండీ."

ఆయన నా మొహంలోకి చూడరు. పెద్దమనిషి. "ఇటు వైపు కూడా వినపడట్లేదు," అంటారు, క్యాసెట్ గురించే అన్నట్టు.

అందుకని దాన్ని చేత్తోనే పట్టుకెళ్తాను. బరువు లేదు. కొంగులో మూట కట్టుకుని, చేతిలో చారు గిన్నెతో కింది ఫ్లాటు బెల్లు నొక్కుతాను. సింధూర తలుపు తీస్తుంది. తలంటుకుంది, జుట్టు విరబోసుకుని ఉంది. లోపల కుముద మూడో పాట పాడుతోంది. నాకు వినిపించదు. కిటికీ పరదాలు కదిలే తీరు చూసి అది మూడోదని గుర్తుపడతాను.

"రండి ఆంటీ. సరిగ్గా వచ్చారు. ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైనది వస్తుంది."

"ఏదమ్మా?"

"మూడోదానికీ ఐదోదానికీ మధ్యలో ఉంటుంది కదా, అదే."

పరదాలు ఆగుతాయి. హాలు గోడలో, టీవీ పక్కన, తెల్లటి తలుపు ఒకటి తేలి వస్తుంది. సింధూర దాన్ని తోస్తుంది. లోపల ఒక పాట పట్టేంత గది. గోడలకి సున్నం తప్ప ఏమీ లేదు. నేల గోరువెచ్చగా ఉంది. ఆ అమ్మాయి అక్కడ ఒక చాప పరుచుకుంది, తలగడ పెట్టుకుంది, మంచినీళ్ళ చెంబు పెట్టుకుంది.

"కూర్చోండి. చప్పుడు చెయ్యకండి."

కూర్చుంటాం. ఏమీ లేదు. కాసేపటికి గోడలు కొంచెం వెనక్కి జరిగి, మళ్ళీ ముందుకి వస్తాయి.

"విన్నారా?" అంటుంది గుసగుసగా. "అమ్మ ఊపిరి తీసుకుంటోంది. మూడు పాటలు వరసగా పాడి అలిసిపోయింది కదా. మీరే చెప్పారు, ఊపిరి అందలేదని. మీరు చెప్పకపోతే ఇది ఉత్త ఖాళీ అనుకునేదాన్ని. బ్యాంకు నుంచి వచ్చి నేను ఇక్కడే పడుకుంటున్నాను."

చారు గిన్నె నా ఒళ్ళో చల్లారుతుంది. ఈ గది ఎంత పొడవుందో నాకు కొలత తెలుసు. పల్లవి ఇక్కడ మొదలవుతుంది, చాప దగ్గర. చరణాలు అటు గోడ వెంబడి. తలగడ ఉన్నచోట ఆమె ఆగి నవ్వుతుంది. ఆ నవ్వు ఉండాల్సిన చోట ఈ పిల్ల తల పెట్టుకుని పడుకుంటోంది.

"సింధూరా, నాలుగో పాట నేను తెచ్చాను."

కొంగు ముడి విప్పుతాను. పాట నేల మీదకి దిగి, పలచగా, వణుకుతూ నిలబడుతుంది. ఆ అమ్మాయి దాని వైపు చూస్తుంది. దాని గుండా అవతలి గోడ కనిపిస్తోంది.

"వద్దాంటీ," అంటుంది మెల్లగా.

"మీ అమ్మ పాడిందే."

"తెలుసు. బాగా రాలేదన్నారు కదా. నేను బాగా వెయ్యని ముగ్గు ఎవరైనా చూస్తే నాకు నచ్చదు. అమ్మకీ అంతే అనుకుంటాను."

"అది తేలిపోలేదమ్మా. నేనే అలా అన్నాను."

"ఎందుకు?"

"నా దగ్గర ఉంచుకోవాలని."

సింధూరకి కోపం రాదు. కోపం వస్తే బాగుండునని నేను ఎదురుచూస్తాను. తను పాటనీ నన్నూ మార్చి మార్చి చూసి, బ్యాంకులో సంతకం సరిచూసే మనిషిలా ఆలోచిస్తుంది.

"మరి మీ దగ్గర పాడుతోందా?"

"లేదు."

"మరైతే తేలిపోయినట్టే కదాంటీ."

గోడలు ఒకసారి వెనక్కి జరిగి ముందుకి వస్తాయి.

"ఇంకొక్కసారి చూడు," అంటాను. "చోటు కూడా సరిపోతుంది. ఇది దీని గదే."

"ఇది వస్తే ఊపిరి ఎక్కడికి పోతుంది?" అంటుంది. "అమ్మ పాటలు ఏడున్నాయి నాకు. అమ్మ మాత్రం ఇక్కడొక్కచోటే ఉంది." లేచి నాకు చెయ్యి అందిస్తుంది, మోకాళ్ళ నొప్పులున్న మనిషికి అందించినట్టు. "రండి, ఐదోది మొదలవుతోంది. ఇప్పుడు బయటికి రాకపోతే తలుపు ఉండదు."

బయటికి వస్తాం. తలుపు గోడలో కలిసిపోతుంది. చారు గిన్నె పుచ్చుకుని, మూత తీసి వాసన చూసి, "ధనియాలు వేయించి వేశారా?" అంటుంది. అవునంటాను. కుముద అలాగే వేసేదని చెప్పాలనుకుంటాను. చెప్తే అది కూడా నా దగ్గర ఉండిపోతుందేమో, వెళ్ళిపోతుందేమో తెలియక ఊరుకుంటాను.

పాట నా వెనక మెట్లెక్కి వస్తుంది. 

మా ఆయన బజారుకి వెళ్ళారు. తలుపు తీసే ఉంది. పాట హాలు మధ్యలోకి వెళ్ళి, గుమ్మం వైపు తిరిగి, శ్రుతి చూసుకుంటున్నట్టు తల కొంచెం వంచుతుంది. నోరు తెరుస్తుంది. ఇన్నాళ్ళ తర్వాత పాడుతోంది. ఇంట్లో ఉన్న తేలిపోయిన పాటలన్నీ పనులు ఆపుకుని వింటాయి. తబలా పాట కూడా ఆవర్తనం ఆపి, కుర్చీలోంచి లేచి నిలబడుతుంది.

నాకు వినిపించదు.

దగ్గరకి వెళ్తాను, పెదవుల దగ్గర చెవి పెడతాను. వెచ్చగా గాలి తగులుతుంది, అంతే. అది నన్ను పిలవడం లేదు. ఎప్పుడూ నన్ను పిలవలేదు. చారు కాచుకుంటూ పక్కన నిలబడి విన్నాను, ఇన్నేళ్ళూ.

గుమ్మం దగ్గర మూడేళ్ళ పాప నిలబడి ఉంది. నీలం గౌను. గడ్డం నడుమ నొక్కు.

"ఎవరు పిలిచారు?" అంటుంది.

నేను పాట వైపు చూపిస్తాను. పాప గడప దాటి లోపలికి వచ్చి, దాని ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చుంటుంది. వినిపిస్తున్న మొహం అది. వేలు నోట్లో పెట్టుకుంటుంది.

కాసేపటికి రెండో అమ్మాయి వస్తుంది, యూనిఫామ్‌లో, భుజాన బ్యాగుతో. అదే గడ్డం. "ఎవరు పిలిచారు?" తను మొదటిదాని పక్కన కూర్చుంటుంది. ఇంకాసేపటికి వోణీ వేసుకున్న పిల్ల, మోకాలికి దెబ్బ తగిలి ఏడ్చి వచ్చిన మొహంతో. పల్లవి తిరిగి వచ్చినప్పుడల్లా ఒకరు వస్తున్నారని నాకు అర్థమవుతుంది. వాళ్ళ రాకని బట్టి పాట ఎక్కడుందో లెక్క కట్టుకుంటాను. ఈ పాట వినవలసిన వయసులో వినకుండా ఉండిపోయిన సింధూరలు వీళ్ళు. నాగపూర్ రైలు దుమ్ము వాళ్ళ చెప్పులకి ఉంది.

మూడో చరణం అయినట్టుంది. కాలేజీ అమ్మాయి ఒకతి గడప మీద కాలు పెట్టి ఆగిపోతుంది. ఒక పాదం లోపల, ఒక పాదం బయట. అటూ రాదు, ఇటూ పోదు. మిగిలిన సగం మాట కోసం చూస్తోంది. హాల్లో కూర్చున్నవాళ్ళందరూ ఒక్కసారి నవ్వుతారు, లోపలి నుంచి ఎవరో తన్నినట్టు. అప్పుడు రెండో పాదం కూడా లోపలికి వస్తుంది.

ఆ నవ్వు నాకు వినిపించలేదు. వాళ్ళ భుజాలు కదలడం చూశాను.

అందరివీ తలంటుకున్న జుట్లు. విరబోసుకుని, తడిగా, ఇంకా ఎవరూ దువ్వనివి. మధ్యాహ్నం ఎండ వాటి మీద పడుతోంది. నేను దువ్వెన తెచ్చుకుని వాళ్ళ వెనక కూర్చుంటాను. ఇంకేం చెయ్యాలో నాకు తెలియదు. చిక్కు తీస్తాను. మూడేళ్ళ పాప జుట్టు అల్లుకుంటూ పోతే అది చివరికి రాదు. యూనిఫామ్ పిల్ల జుట్టులో కలుస్తుంది. దాన్ని అల్లితే వోణీ పిల్ల జుట్టులో కలుస్తుంది. ఒకే జడ, ఒక తల నుంచి ఇంకొక తలకి. ఎవరూ కదలరు. వాళ్ళు వింటున్నారు.

జడ వాళ్ళ తలలు దాటి గుమ్మం బయటికి పోతుంది. అల్లుతూనే లేచి దాని వెంట వెళ్తాను. మెట్ల మీదుగా, మలుపు తిరిగి, కిందికి. రుక్సానా ఎదురొచ్చి గోడకి ఆనుకుని దారిస్తుంది.

"ఎంత ఒత్తు జుట్టో అక్కా," అంటుంది.

"వాళ్ళమ్మ జుట్టు," అంటాను.

కింది ఫ్లాటు తలుపు తెరిచే ఉంది. సింధూర హాల్లో లేదు. ఐదోది, ఆరోది అన్నీ అయిపోయి మళ్ళీ మొదటికి వచ్చినట్టుంది. మూడోదానికి కదిలినట్టే పరదాలు కదిలి ఆగుతాయి. టీవీ పక్కన తెల్లటి తలుపు మూసి ఉంది, సింధూర లోపలే ఉండాలి. జడ దాని కింది సందులోంచి లోపలికి వెళ్తోంది. నేను గుమ్మం ముందు చతికిలపడి, కుడి పాయ మధ్యకి, ఎడమ పాయ మధ్యకి, అల్లుతాను. కొస దొరికితే రిబ్బను కట్టి ఊరుకుంటాను.

అవతలి నుంచి జడ కొంచెం బిగుస్తుంది. లాగడం కాదు. లోపల ఎవరో ఆ కొస నుంచి ఇటు అల్లుకుంటూ వస్తున్నారు, పిల్లకి నొప్పి పుట్టనంత మెల్లగా, ఎంతో అలవాటున్న చేతులతో. నేనటూ వాళ్ళిటూ అల్లుతుంటే మధ్యలో విడిగా ఉన్న జుట్టు పొట్టిదవుతుంది. ఒక పాయ తక్కువ పడుతుంది. కాలేజీ బెంచీ మీద నా మోచేతిని తట్టిన తాళంలోనే అవతలి చేతులు తలుపు కింద తడుముతూ వచ్చి నా వేళ్ళని దొరకబుచ్చుకుంటాయి. ఎవరివని అడగవు. మూడో పాయగా తీసుకుని, లోపలికి, అల్లుకుపోతాయి.